గాలిగారి హాజరు పట్టీ

గాలి ప్రకృతి ప్రసాదించిన ఉచిత వస్తువు అన్న అపోహ నేల మీద తిరిగేవాళ్ళకు మాత్రమే ఉంటుంది. నేలకు మూడు అంతస్తుల కింద కూర్చుని పనిచేసేవాళ్ళకు అది పూర్తిగా పరిపాలనకు సంబంధించిన విషయం. అక్కడికి గాలి చేరాలంటే ఒక దారి ఉండాలి, ఆ దారిలోకి తోయడానికి ఒక ఫ్యాను ఉండాలి, ఫ్యానును కనిపెట్టుకుని ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఉన్నాడని చెప్పే ఒక కాగితం ఉండాలి. మొదటి మూడూ లేకపోయినా కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. (నాలుగోది లేకుండా నెట్టుకొచ్చిన దాఖలా ఇంతవరకూ లేదు. ఉన్నా, దాన్ని చెప్పే కాగితం లేదు.)

సమగ్ర సేవా సౌధంలో ఆ మనిషిని అందరూ గాలి మేస్త్రీ అంటారు. కాగితం మీద మాత్రం అతను 'వాయుచలన పర్యవేక్షకుడు, రెండో శ్రేణి'. సౌధం పైకి పద్దెనిమిది అంతస్తులు, కిందికి మూడు. డాబా మీద రేకుల గదిలో ఆరడుగుల ఫ్యాను ఒకటి పొద్దున్నించి సాయంత్రం దాకా హోరెత్తుతూ తిరుగుతుంది. దాని కింద మొదలయ్యే ఇటుకల షాఫ్టు మూడో బేస్‌మెంటు దాకా నిట్టనిలువుగా దిగుతుంది. వెడల్పు ఆరడుగులు, పొడవూ ఆరడుగులే. సిబ్బంది దాన్ని గాలిబావి అంటారు. ఏడాదికోసారి దుమ్ము దులపడానికని ప్రతి అంతస్తులోనూ దానికి ఒక ఇనుప తలుపు పెట్టారు. అట్టడుగున మాత్రం గాలి బయటికి రావడానికని ఊచల తలుపు.

మూడో బేస్‌మెంటులో శాశ్వత రికార్డుల విభాగం ఉంది. నలభై ఒక్క మంది ఉద్యోగులు, కిటికీలు సున్నా. (కిటికీ పెట్టాలని ఒకసారి ప్రతిపాదన వచ్చింది. తెరిస్తే మట్టి లోపలికొస్తుందని విరమించుకున్నారు.) మేస్త్రీ భార్య అక్కడే సూచికల గుమస్తా. ఇరవై ఏళ్ళ కిందటి సర్క్యులరు ఏ బీరువాలో, ఏ అరలో, ఏ కట్ట కింద ఉందో ఆవిడ కళ్ళు మూసుకుని చెబుతుంది. అంటే ఆ సౌధానికి ఆ చివర భర్త, ఈ చివర భార్య. మధ్యలో ఇరవై ఒక్క అంతస్తుల గాలి.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మేస్త్రీ ఫ్యానుకు గ్రీజు పెట్టడానికి పది నిమిషాలు ఆపుతాడు. ఆ పది నిమిషాల్లో హోరు తగ్గాక తలుపు తీసి, కిందికి వంగి, కేకేస్తాడు.

"ఏమోయ్! గాలెలా ఉంది?"

కాస్త ఆలస్యంగా, ఇటుకలకు తగులుకుంటూ ఒక గొంతు పైకొస్తుంది.

"బానే ఉందండీ! భోంచేశారా?"

మిగతా నలభై మంది వింటుండగా కాపురం చేసే దంపతులు ఆ సౌధంలో వీళ్ళొక్కరే. అందుకే వాళ్ళ మధ్య రహస్యాలు లేవు, పోట్లాటలూ లేవు. పోట్లాడాలంటే ఇంటికెళ్ళేదాకా ఆగాలి. ఆగితే దేనికి పోట్లాడాలనుకున్నారో ఇద్దరికీ గుర్తుండేది కాదు.

ఇలా పద్నాలుగేళ్ళు సజావుగా సాగాక, సౌధానికి స్థల వినియోగ అధికారి వచ్చాడు.

ఆయన్ని వచ్చిన రెండో రోజు నుంచే అందరూ టేపు సార్ అన్నారు, నడుముకి ఎప్పుడూ ఒక స్టీలు టేపు వేలాడుతుండేది కాబట్టి. అంతకుముందు పనిచేసిన ఆఫీసులో మెట్ల మలుపుల్లో ఇద్దరు గుమస్తాలను కూర్చోబెట్టి ఆయన ప్రశంసాపత్రం అందుకున్నాడు. ఎవరైనా మెట్లెక్కినప్పుడల్లా ఆ ఇద్దరూ లేచి నిలబడాల్సి వచ్చేది. నివేదికలో దాన్ని 'సిబ్బంది మర్యాదలో గణనీయమైన పెరుగుదల' కింద చూపించాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఖాళీ కనిపిస్తే మాత్రం తట్టుకోలేడు, అంతే.

మూడో రోజు ఆయన ఏడో అంతస్తులో ఇనుప తలుపు ముందు ఆగి, మేస్త్రీని పిలిపించాడు.

"ఏమయ్యా, ఇందులో ఏముంది?"

"గాలండి."

"గాలి కాకుండా?"

"గాలి కాకుండా ఏమీ ఉండకూడదు సార్. ఉంటే గాలి పోదు."

"అంటే ఖాళీ."

"ఖాళీగా ఉండటమే దాని పని సార్."

టేపు సార్ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఖాళీగా ఉండటమే పనిగా పెట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాడు. వాళ్ళెవరికీ ఆరడుగుల గది ఇవ్వలేదు. టేపు లాగి, కొలిచి, రాసుకున్నాడు. ఆ సాయంత్రానికి ఇరవై ఒక్క అంతస్తుల్లోనూ అదే కొలత, అదే శూన్యం బయటపడ్డాయి. ఆ వారాంతంలో ఉత్తర్వు వచ్చింది: 'సౌధమునందు ఇంతకాలముగా ఎవరి దృష్టికీ రాని ఇరవై ఒక్క ఖాళీ గదులు కనుగొనబడినవి. కావున వాటిని స్థలాభావముతో బాధపడుచున్న విభాగములకు కేటాయించడమైనది.'

తొమ్మిదో అంతస్తు సంక్షేమ విభాగం ఆ సాయంత్రమే బావికి అడ్డంగా చెక్క పలకలు పరిచి, కాళ్ళు విరిగిన కుర్చీలను ఎక్కించింది. పన్నెండో అంతస్తు ఫిర్యాదుల విభాగం తాళాలు పోయిన ఫిర్యాదుల పెట్టెలను పెట్టింది. (లోపల ఫిర్యాదులున్నాయి. తాళాలు పోయాయన్న ఫిర్యాదు కూడా వాటిలోనే ఉంది.) పద్నాలుగో అంతస్తు పర్యావరణ విభాగానికి ఎండిపోయిన మొక్కల కుండీలు పెట్టుకోవడానికి ఎప్పటి నుంచో చోటు లేదు. ఇప్పుడు దొరికింది. పలకల సందుల్లోంచి గాలి ఇరుక్కుంటూ, విదిలించుకుంటూ, ఎలాగోలా కిందికి దిగేది.

మేస్త్రీ ప్రతి అంతస్తుకూ వెళ్ళి చెప్పి చూశాడు. ఎవరూ చెవిన వేసుకోలేదు. "ఉత్తర్వుందయ్యా," అన్నారు అందరూ. ఆ మాటలో కోపం లేదు, సంజాయిషీ లేదు. బయట వర్షం పడుతోందయ్యా అన్నట్టుగా అన్నారు.

ఒంటిగంట కబుర్లు ముందు పలచబడ్డాయి. "బానే ఉందండీ" అన్నది "...నే ...దండీ" అయింది. తర్వాత వారం "...దండీ" మాత్రమే వచ్చింది. ఒక మంగళవారం అతను మూడుసార్లు కేకేశాడు. నాలుగోసారి గొంతు చించుకున్నాడు. కింద నుంచి ఏమీ రాలేదు.

లిఫ్టు దగ్గరికి పరిగెత్తాడు. ఒంటిగంట నుంచి రెండు దాకా లిఫ్టు అధికారులకు మాత్రమే. చేతిలో గ్రీజు డబ్బా చేతిలోనే ఉండగా ఇరవై ఒక్క అంతస్తుల మెట్లు దిగాడు.

మూడో బేస్‌మెంటు తలుపు తీయగానే మొహానికి వెచ్చటి, వాడేసిన గాలి కొట్టింది. భార్య నేల మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో ముద్రల బాబాయిగారి తల ఉంది. ఆయన ముప్పై నాలుగేళ్ళుగా అక్కడ నకళ్ళ మీద ముద్రలు వేస్తున్నాడు, రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఆవిడ ఒక పాత ఫైలుతో ఆయనకు విసురుతోంది.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రీ, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా.

"ఏం కాలేదల్లుడూ, కాస్త కళ్ళు తిరిగాయంతే," అన్నాడు బాబాయిగారు కళ్ళు తెరవకుండానే. "ముద్ర మాత్రం తిన్నగానే పడింది. కావాలంటే చూసుకో."

చూశాడు. తిన్నగానే పడింది.

"నేను పిలిస్తే పలకలేదేం?" అన్నాడు భార్యతో.

"మీరు పిలిచారా?" అందావిడ. "మాకేం వినపడలేదండీ. మీరే ఇవాళ పిలవలేదేమో, ఒంట్లో బాలేదేమో అని నేనిక్కడ కంగారుపడుతున్నా."

ఐదో అంతస్తు వైద్యశాలలో డాక్టరు బాబాయిగారి నాడి పట్టుకుని చూసి, చీటీ రాసిచ్చాడు: 'గాలి. రోజుకు మూడు పూటలా, భోజనం తర్వాత.' మందుల కిటికీలో ఉన్నతను చీటీని అటూ ఇటూ తిప్పి, స్టాకు లేదు, బయట తీసుకోండి అన్నాడు. ఆ సౌధంలో చికిత్సకు సంబంధించి అంత సరైన సలహా అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

మేస్త్రీ అక్కణ్ణించి తిన్నగా టేపు సార్ గదికి వెళ్ళాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు. బాబాయిగారి సంగతి విని నిజంగానే నొచ్చుకున్నాడు.

"చూడవయ్యా, నాకు మాత్రం సరదానా? ఆ గదులు ఖాళీగా లేవు, వాడుకలో ఉన్నాయి అంటావు. వాడుతున్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి కదా. నమూనా ఇరవై ఏడు. పెట్టించు, చూద్దాం."

"వాడుతున్నది గాలి సార్."

"ఎవరైనా సరే. నాకు తరతమ భేదాలు లేవు."

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద మొగుడూ పెళ్ళాలిద్దరూ నమూనా ఇరవై ఏడు ముందేసుకుని కూర్చున్నారు. ఆవిడ కలం పట్టుకుంది, ఇలాంటి వాటిలో ఇంట్లో పెద్దరికం ఆవిడదే కాబట్టి.

"స్థలంలో ఉంటున్నవారి పేరు. గాలి. హోదా?"

"హోదా ఏముంటుందే దానికి?"

"తాత్కాలికం అని రాస్తా. శాశ్వతం అంటే నియామక పత్రం అడుగుతారు. ఎప్పటి నుంచి ఉంటున్నారు?"

"బిల్డింగ్ కట్టినప్పట్నించీ."

"అంతకుముందు ఎక్కడున్నారు?"

"ఇక్కడే. బిల్డింగే లేదు."

"అది రాయకూడదండీ," అందావిడ నిమ్మళంగా. "సౌధం కన్నా సీనియర్ అని తేలితే పాత ఆక్రమణ కింద ఖాళీ చేయిస్తారు."

దరఖాస్తు నాలుగో రోజు తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో రెండు ముక్కలు: 'దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావలెను.'

ఇంకొకడైతే అక్కడే ఆశ వదులుకునేవాడు. మేస్త్రీ మాత్రం ఆ రాత చూసి చాలా రోజుల తర్వాత నవ్వాడు. దరఖాస్తుదారును అతను పద్నాలుగేళ్ళుగా ఎరుగును.

విచారణ నాడు టేపు సార్‌ను పదహారో అంతస్తుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఇంకా పలకలు పరచలేదు. కింద దారి మూసుకుపోయి, ఫ్యాను తోసిన గాలంతా అక్కడ పేరుకుని ఎటు పోవాలో తెలియక గింజుకుంటోంది. మేస్త్రీ గడియ తీశాడు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. టేపు సార్ చేతిలోని ఫైలు విచ్చుకుని, కాగితాలన్నీ వసారా పొడుగునా ఎగిరాయి. ఎడమ చెవి నుంచి కుడి చెవి దాకా పొదుపుగా సర్దుకున్న ఆయన జుట్టు ఒక్క ఊపున లేచి నిలబడి, కొంతసేపు అలాగే ఉండిపోయింది. మేస్త్రీ తలుపు మూశాడు. టేపు సార్ జుట్టు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"దరఖాస్తుదారు హాజరైనట్టు నమోదు చేసుకుంటున్నాను. ప్రవర్తన మాత్రం బాలేదు."

"క్షమించండి సార్. చాలా రోజులుగా ఇబ్బందిలో ఉంది."

"సరే. గుర్తింపు సంఖ్య?"

"లేదండి."

"మరి లేకుండా ఎలాగయ్యా? రేపు ఇంకో గాలి వచ్చి నేనే అంటే?"

(ఈ ప్రశ్నకు సమాధానం ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.)

గుర్తింపు సంఖ్య కావాలంటే 'హాజరు మిత్ర' యాప్‌లో పేరు నమోదు కావాలి. తాత్కాలిక సిబ్బందిని అందులోకి ఎక్కించే పని సౌధంలో ఏ విభాగమూ ఒప్పుకోలేదు కాబట్టి మూడో బేస్‌మెంటుకు వచ్చింది. మేస్త్రీ భార్యకు ఆ పని కొట్టిన పిండి. తండ్రి పేరు తప్పనిసరి అని యాప్ పట్టుబడితే 'ఆకాశం' అని కొట్టింది. పుట్టిన తేదీ దగ్గర సౌధం ప్రారంభించిన తేదీ వేసింది. బ్లడ్ గ్రూపు అడిగితే ఒక్క క్షణం ఆగి 'అందరిదీ' అని రాసింది. చివరికి ముఖం ఫొటో వంతు వచ్చింది. ఆవిడ ఫోను తీసుకుని, గాలిబావి ఊచల తలుపుకు ఎదురుగా పెట్టి, లోపలి చీకటిని ఫొటో తీసింది.

యాప్ రెండు చుట్లు తిరిగి, ఆకుపచ్చ టిక్కు పెట్టింది. 'ముఖం స్పష్టంగా ఉంది. స్వాగతం, గాలి గారూ.'

పక్కనే గోడకు చేరగిలబడి ఉన్న ముద్రల బాబాయిగారు ఇది చూసి నిట్టూర్చాడు. ఆరు నెలలుగా ఆయన రోజూ పొద్దున్నే ఆ యాప్ ముందు మొహం పెడుతున్నాడు. రోజూ 'ముఖం సరిపోలలేదు' అంటోంది.

"ఏం చేస్తాం తల్లీ," అన్నాడు. "దానికి వయసు మీద పడలేదు కదా."

ఆ మర్నాటి నుంచి మేస్త్రీకి కొత్త విధి పడింది. పొద్దున పదింటికి ఫ్యాను వేసి, ఫోను తీసి, గాలిగారు వచ్చినట్టు హాజరు వేయాలి. సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోయినట్టు వేయాలి. గాలిగారు ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. టీ తాగడానికి బయటికి పోలేదు. ఫోన్లో మాట్లాడలేదు. పై అధికారుల దృష్టి ఇలాంటి ఉద్యోగి మీద పడకుండా ఉండదు.

పది రోజుల్లో గది కేటాయింపు ఉత్తర్వు వచ్చింది. మేస్త్రీ గబగబా విప్పాడు. 'తాత్కాలిక సిబ్బందికి ఒక గదికి మించి అర్హత లేనందున, సదరు గాలికి ఏడో అంతస్తు నందలి ఒక గది మాత్రమే మంజూరు చేయడమైనది.'

ఏడో అంతస్తులో ఏం పెట్టారో, దాన్నంతా ఎనిమిదో అంతస్తు పలకల మీదికి ఎత్తించారు. ఏడో అంతస్తు తలుపు మీద 'శ్రీ గాలి' అని పేరు పలక బిగించారు. గాలికి సొంత గది వచ్చింది. దానికి పైనా దారి లేదు, కిందా దారి లేదు. (ఒక గదిలో కదలకుండా కూర్చునే యోగం దొరకని పాత ఉద్యోగులు కొందరు కుళ్ళుకున్నారని కూడా వినికిడి.)

కింద మూడో బేస్‌మెంటులో సాయంత్రం నాలుగయ్యేసరికి నలభై ఒక్క మందికీ తలనొప్పి. ఇద్దరు సెలవు పెట్టారు. మేస్త్రీ భార్య ఇంటికొచ్చి చెప్పులు విప్పి, ముందు గదిలో కిటికీ దగ్గర నిలబడి పావుగంట పాటు ఊరికే ఊపిరి పీల్చుకునేది. ఆ పావుగంటా అతను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండేవాడు, ఆవిడ వైపు చూడలేక.

"ఇద్దరం కలిసి గాలికి ఉద్యోగం ఇప్పించాం," అన్నాడు ఒకరోజు. "నీకు ఊపిరి మాత్రం ఇప్పించలేకపోయాను. నా బతుకంతా నేను చేసిందేమిటి? నీ దగ్గరికి కాస్త గాలి పంపడం. అదొక్కటీ చేతకాలేదు."

ఆవిడ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరగలేదు.

"మొదటి నుంచీ మనదే తప్పండీ," అంది.

"మనదా?"

"కూర్చుని చేసే ఉద్యోగంలో వేశాం. అది తిరిగే ఉద్యోగం కదా."

మర్నాడు ఆవిడ పందొమ్మిదో బీరువా అడుగు అరలో, చెదలు సగం చదివేసిన ఒక కట్ట కింది నుంచి ఒక నియమావళి తీసింది. సౌధంలో ఫైళ్ళు మోసుకుంటూ అంతస్తులు తిరిగే మనుషుల కోసం ఎప్పుడో రాసింది. వాళ్ళు ఇప్పుడు లేరు గానీ, నియమావళిని ఎవరూ రద్దు చేయలేదు. (రద్దు చేయాలంటే ముందు అది ఎక్కడుందో తెలియాలి.) పదకొండో నియమం ఇలా ఉంది: 'సంచార సిబ్బందిని విధినిర్వహణలో ఏ అంతస్తునందునూ, ఏ వస్తువుచేతనూ అడ్డగించరాదు. వారు నడుచు దారి గదిగా పరిగణింపబడదు.'

ఆవిడ దానికి నకలు రాసింది. నకలు చెల్లాలంటే ముద్ర పడాలి. బాబాయిగారు ఆ రోజు బల్ల మీద తల వాల్చుకుని ఉన్నాడు. కాగితం చూసి లేచాడు. చదివాడు, మళ్ళీ చదివాడు. రెండు చేతులతో ముద్ర పట్టుకున్నాడు.

"బాబాయిగారూ, కాసేపు ఆగి వేద్దురుగానీ," అంది ఆవిడ.

"నువ్వుండవే తల్లీ," అన్నాడాయన. "ముప్పై నాలుగేళ్ళలో నాకిష్టమైన కాగితం ఇదొక్కటే వచ్చింది."

ముద్ర పడిన చప్పుడుకు నలభై మంది తలలెత్తారు.

టేపు సార్ ఆ నకలును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాడు. ముద్రను గోటితో గీకి చూశాడు. ముఖంలో రంగులు మారాయి. అయితే ఆయన నిజాయితీపరుడు. కాగితం తనకు వ్యతిరేకంగా ఉన్నా కాగితమే అని నమ్మే తరం మనిషి.

"మరి ముందే చెప్పొద్దటయ్యా?" అన్నాడు మేస్త్రీతో, మందలింపుగా. "గాలి సంచార సిబ్బంది అని."

"నాకూ ఇప్పుడే తెలిసింది సార్."

రెండు రోజుల్లో కుర్చీలు, పెట్టెలు, కుండీలు, పలకలు అన్నీ బయటికొచ్చాయి. మేస్త్రీ తానే ఒక్కో అంతస్తులో భుజం పట్టాడు. పన్నెండో అంతస్తులో ఒక ఫిర్యాదుల పెట్టె జారి మూడో బేస్‌మెంటు దాకా పడింది. ఆ విభాగం చరిత్రలో ఫిర్యాదులు అంత వేగంగా కింది స్థాయికి చేరడం అదే మొదలు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మూడో రోజు ఒంటిగంటకు అతను ఫ్యాను ఆపి, తలుపు తీసి, వంగాడు. నోరు తెరిచేలోపే కింద నుంచి కేక వచ్చింది.

"ఏమండీ! వినపడుతోందా? పొద్దున్నించీ ఒకటే కాగితాలు ఎగరడమండీ ఇక్కడ! బాబాయిగారు పట్టుకోలేక పరిగెత్తారు!"

ఆ మధ్యాహ్నం ఫ్యానుకు గ్రీజు కాస్త ఎక్కువ పట్టింది. అతనికి కళ్ళు సరిగ్గా కనపడలేదు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఇది సౌధం గురించిన కథ కాకపోవును.

మూడు నెలల తర్వాత 'హాజరు మిత్ర' అర్ధ సంవత్సర నివేదిక వెలువడింది. రెండు వేల పైచిలుకు ఉద్యోగుల్లో నూటికి నూరు శాతం హాజరున్నది ఒక్కరికే. ఆ పేరు పద్దెనిమిదో అంతస్తుకు, సర్వాధికారిగారి బల్ల మీదికి చేరింది. ఇలాంటి మనిషి ఎక్కడ పనిచేస్తున్నాడని ఆయన అడిగాడు. ఎక్కువగా మూడో బేస్‌మెంటులో అని చెప్పారు. ఆయన నమ్మలేక ముక్కున వేలేసుకున్నాడు. అంతటి సమర్థుణ్ణి ఆ పాతాళంలో కుక్కడం ఏమిటని కసిరాడు. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది: 'పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా శ్రీ గాలిని పద్దెనిమిదో అంతస్తునకు తక్షణమే బదిలీ చేయడమైనది. ప్రత్యామ్నాయము వచ్చువరకు మూడో బేస్‌మెంటు వారు ఉన్న సిబ్బందితో సర్దుకొనవలెను.'

మేస్త్రీ ఉత్తర్వు చదివి, కింద సంతకం పెట్టి, జేబులో పెట్టుకుని, ఫ్యాను యథాప్రకారం వేశాడు. హాజరు పద్దెనిమిదో అంతస్తులో వేశాడు. గాలి మాత్రం ఎప్పటిలాగే అడుగు దాకా దిగింది. (బదిలీ ఉత్తర్వు ప్రతులు ఎవరెవరికి పంపాలో చెప్పే జాబితాలో ఫ్యాను పేరు లేదు.) ఇలా తను చేస్తున్నది తప్పేనేమో అని భార్యతో అన్నాడు. "మీరు చేస్తున్నది మీ ఉద్యోగమండీ," అంది ఆవిడ. "తప్పు చేస్తున్నది గాలి. దానికి నోటీసు వస్తే అప్పుడు చూద్దాం."

నోటీసు వచ్చింది. గాలికి కాదు. టేపు సార్ నెలవారీ తనిఖీకి మూడో బేస్‌మెంటుకు దిగినప్పుడు బల్లల మీద కాగితాలు కదులుతున్నాయి. నలభై ఒక్క మంది ఉద్యోగులు ఆరోగ్యంగా, ఏమాత్రం సంకోచం లేకుండా పనిచేసుకుంటున్నారు. రికార్డుల ప్రకారం అక్కడ గాలి లేదు. ఆయన చాలాసేపు నిలబడి, తనూ రెండుసార్లు గట్టిగా పీల్చి నిర్ధారించుకుని, పైకెళ్ళిపోయాడు. మర్నాడు నలభై ఒక్క మందికీ విడివిడిగా నోటీసులు అందాయి. గాలి అధికారికంగా వేరే చోట విధుల్లో ఉండగా, తాము ఏ ఉత్తర్వు ఆధారంగా శ్వాసిస్తున్నదీ మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి.

అందరి తరఫునా జవాబు మేస్త్రీ భార్యే రాసింది. బాబాయిగారు పక్కన కూర్చుని, ఎక్కడ 'వలెను' పడాలో, ఎక్కడ 'మనవి' పడాలో చూసుకున్నాడు. 'అయ్యా, మేము ఈ పని పుట్టినప్పటి నుంచీ చేస్తున్నాము. మొదటిసారి ఎవరి అనుమతి తీసుకున్నామో మాకు జ్ఞాపకం లేదు. అప్పుడు మేము చాలా చిన్నవాళ్ళము. మధ్యలో మానలేకపోయాము. ఇకముందు కూడా కొనసాగించుటకు దయతో అనుమతించవలెనని మనవి.' కింద నలభై ఒక్క సంతకాలు. వాటిలో బాబాయిగారిది కాస్త వంకరగా పడి, సిరా ఎక్కువైంది.

జవాబు ఐదు విభాగాలు తిరిగింది. న్యాయ విభాగం అలవాటును హక్కుగా పరిగణించడం ప్రమాదమని రాసింది. సిబ్బంది విభాగం నలభై ఒక్క మందీ ఒకేసారి ఆపేస్తే ఖాళీలు భర్తీ చేయడం కష్టమని రాసింది. సర్వాధికారిగారు రెండూ చదివి, రెండింటితోనూ ఏకీభవించి, పద్దెనిమిదో అంతస్తు కిటికీ కాస్త తెరిపించుకుని, సంతకం పెట్టాడు. ఫైలు పదకొండో రోజు మూడో బేస్‌మెంటుకు తిరిగొచ్చింది. మేస్త్రీ భార్య నిలబడి అందరికీ వినపడేలా చదివింది.

'పరిశీలించడమైనది. మానవతా దృక్పథంతో, ప్రత్యేక సందర్భముగా భావించి, సదరు సిబ్బంది కార్యాలయ వేళలలో శ్వాసించుటకు తాత్కాలికంగా అనుమతించడమైనది. ఆదివారములు, సెలవు దినములు మినహా.'